సిగ్నల్ తెగిపోయే చోట డేటా రద్దీ: అపోహలు - వాస్తవాలు

టవర్ లేని అడవిలో సెన్సర్లు, ఊరూరా తిరిగే బస్సులో వైఫై పెట్టె, తుఫానుకు నెట్‌వర్క్ పోయిన ఊళ్లో బ్లూటూత్‌తో మెసేజ్‌లు ఇచ్చిపుచ్చుకునే ఫోన్లు. అన్నిటిదీ ఒకటే పద్ధతి. డేటా అందుకున్న పరికరం దాన్ని దాచుకుంటుంది, తనతో మోసుకెళ్తుంది, ఇంకో పరికరం ఎదురైనప్పుడు అందిస్తుంది. మా రంగంలో ఇలాంటి నెట్‌వర్క్‌లను డీటీఎన్ (డిలే టాలరెంట్ నెట్‌వర్క్, అంటే ఆలస్యాన్ని తట్టుకునే నెట్‌వర్క్) అంటాం, అందులోని ఒక్కో పరికరాన్ని నోడ్ అంటాం. ఇందులోకి కొత్తగా వచ్చే ఇంజనీర్లు, ప్రాజెక్టులు చేసే విద్యార్థులు తరచూ చెప్పే మాటలు కొన్ని ఉన్నాయి. వాటికి నా జవాబులివి.

అపోహ: ఇదంతా అంతరిక్షం వ్యవహారం. మనకెందుకు?

మొదలైంది అక్కడే, కాదనను. 1998లో ఇంటర్నెట్ రూపకర్తల్లో ఒకరైన వింట్ సెర్ఫ్, నాసా జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ ఇంజనీర్లు కలిసి గ్రహాల మధ్య ఇంటర్నెట్ ఎలా ఉండాలని ఆలోచించారు. 2024 ఫిబ్రవరిలో ఎగిరిన నాసా పేస్ ఉపగ్రహం ఈ పద్ధతిలోనే డేటా దింపుతోంది. అయితే నేల మీది కథ కూడా పాతదే. డాక్‌నెట్ అనే వ్యవస్థలో కర్ణాటక దొడ్డబళ్లాపుర ప్రాంతపు బస్సులు 'భూమి' అనే భూ రికార్డుల డేటాను పల్లె కియోస్కులకు మోశాయి. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం వాళ్లు తమ కియోస్క్‌నెట్‌ను 2006లో మన విశాఖపట్నం జిల్లా ఆనందపురంలో పెట్టి చూశారు. ప్రిన్స్‌టన్ బృందమైతే కెన్యాలో జీబ్రాల మెడ పట్టీలకే రేడియోలు కట్టింది.

అపోహ: మామూలు ఇంటర్నెట్టే, కాస్త ఆలస్యమవుతుంది అంతే.

1988లో వాన్ జాకబ్సన్ టీసీపీకి (ఇంటర్నెట్‌లో డేటా సరిగా చేరేలా చూసే నియమావళికి) రద్దీ నియంత్రణ చేర్చినప్పటి సూత్రం తేలిక: ప్యాకెట్ పోయిందంటే దారి ఇరుకైందని అర్థం, పంపేవాడు వేగం తగ్గించాలి. ఆ కబురు క్షణాల్లో వెనక్కి రావాలి మరి. ఇక్కడ పంపేవాడికీ అందుకునేవాడికీ మధ్య ఒకేసారి పూర్తి దారి ఉండకపోవచ్చు. 'అందింది' అన్న మాట రేపు సాయంత్రం బస్సులో వస్తుంది. ఈలోపు రద్దీ తీరిపోయి ఉండొచ్చు, పది రెట్లు పెరిగి ఉండనూవచ్చు. అందుకే ఇక్కడ రద్దీ సంగతి ఏ నోడ్‌కు ఆ నోడ్ చూసుకోవాల్సిందే. పైనుంచి ఎవరూ చెప్పరు.

అపోహ: ఎన్ని కాపీలు పంచితే అంత మంచిది.

ఎక్కువ ప్రాజెక్టులు మునిగేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. 2000లో వాదత్, బెకర్ ప్రతిపాదించిన ఎపిడెమిక్ రూటింగ్ (రూటింగ్ అంటే మెసేజ్ ఎవరి చేతికివ్వాలో తేల్చే పద్ధతి) ప్రకారం, ఎదురైన ప్రతి నోడ్‌కూ నీ దగ్గరున్న మెసేజ్‌లన్నీ ఇచ్చేయడమే. బఫర్‌కు (నోడ్‌లో మెసేజ్‌లు దాచుకునే చోటుకు), పంపే వేగానికి హద్దు లేనప్పుడు దీన్ని మించింది లేదు. ఇప్పుడు బఫర్‌కు హద్దు పెట్టి చూడండి. వంద ఫోన్లు, ఒక్కోదాంట్లో ఇందుకు కేటాయించింది 50 ఎంబీ, మెసేజ్ సైజు 1 ఎంబీ అనుకుందాం. మొత్తం చోటు 5000 ఎంబీ. ప్రతి మెసేజ్ ప్రతి ఫోన్‌లోనూ చేరితే నెట్‌వర్క్ మొత్తానికి పట్టేవి 50 వేర్వేరు మెసేజ్‌లే. యాభై ఒకటోది వచ్చిందంటే ఏదో ఒకటి పోవాలి. అదే మెసేజ్‌కు పది కాపీలే అని కట్టడి చేస్తే 500 పడతాయి.

2005లో వచ్చిన స్ప్రే అండ్ వెయిట్ చేసింది ఇదే. పుట్టినప్పుడే మెసేజ్‌కు, ఉదాహరణకు, 16 కాపీల కోటా ఇస్తారు. ఎదురైన నోడ్‌కు సగం కోటా ఇచ్చి సగం ఉంచుకోవాలి. చివరికి ఒక్కటే మిగిలితే గమ్యం ఎదురయ్యేదాకా దాన్ని ఎవరికీ ఇవ్వకూడదు. ఎంత తెలివిగా ఊహించే రూటింగ్ రాసినా, ముందు దీనితో పోల్చి గెలిచాకే నా దగ్గరికి రమ్మంటాను. చాలామంది మళ్లీ రారు.

ఇంకో చిక్కు ఉంది. మెసేజ్ గమ్యం చేరిపోయినా మిగిలిన కాపీలకు ఆ సంగతి తెలియదు, తిరుగుతూనే ఉంటాయి. అందుకే 'ఇది అందింది, చెరిపేయండి' అనే చిన్న రసీదును కూడా నెట్‌వర్క్ అంతా పాకించాలి. అమెరికాలో మసాచుసెట్స్ యూనివర్సిటీ బస్సుల మీద పరీక్షించిన మ్యాక్స్‌ప్రాప్ అనే రూటింగ్ పద్ధతిలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే. కొన్ని బైట్ల రసీదు ఎంబీల కొద్దీ చోటు ఖాళీ చేస్తుంది.

అపోహ: మెమరీ చవక, పెద్ద కార్డు వేస్తే రద్దీ పోతుంది.

కార్డు పెద్దదైనంత మాత్రాన బస్సు స్టాపులో ఎక్కువసేపు ఆగదు. సెకనుకు 2 ఎంబీ చొప్పున నలభై సెకన్లు కలిస్తే దాటేది 80 ఎంబీ. లోపల 10 జీబీ ఉందనుకోండి, ముందు దేన్ని పంపాలన్నదే అసలు ప్రశ్న. మ్యాక్స్‌ప్రాప్ వరుస ఇది: ఎదుటి నోడ్‌కే చేరాల్సినవి ముందు, తర్వాత రూటింగ్ సమాచారం, రసీదులు, ఆ తర్వాత తక్కువ చేతులు మారిన కొత్త మెసేజ్‌లు. గడువు దాటిన సరుకు పేరుకుపోతే పెద్ద కార్డు వల్ల ఒరిగేదేమీ లేదు.

అపోహ: అందరినీ కలిసే నోడ్‌కు ఇచ్చేస్తే పని అయిపోతుంది.

బబుల్ ర్యాప్ లాంటి పద్ధతులు మనుషుల పరిచయాల తీరు చూసి, ఎక్కువ మందిని కలిసేవాళ్లకు మెసేజ్ అప్పజెబుతాయి. ఆలోచన మంచిదే. కానీ అందరూ అదే పని చేస్తే ఆ నోడ్ బఫర్ ముందు నిండుతుంది, బ్యాటరీ కూడా ముందు దానిదే అయిపోతుంది. ఇచ్చే ముందు అడగాల్సినవి రెండు: ఇతను గమ్యాన్ని కలుస్తాడా, ఇతని దగ్గర చోటుందా. రెండో ప్రశ్న చాలా కోడ్‌లలో కనిపించదు.

అపోహ: కస్టడీ ట్రాన్స్‌ఫర్ ఉంటే ఏదీ పోదు.

2007 నాటి బండిల్ ప్రొటోకాల్‌లో (డీటీఎన్‌ల ప్రామాణిక నియమావళిలో) ఈ ఏర్పాటు ఉండేది. కస్టడీ తీసుకున్న నోడ్, ఇంకొకరు బాధ్యత తీసుకునేదాకా మెసేజ్‌ను పట్టుకుని ఉండాలి. దానితో నిండిన నోడ్ చెరపలేదు, కొత్తది తీసుకోలేదు, రద్దీ వెనక్కి పాకుతుంది. 2022లో వచ్చిన ఏడో వెర్షన్ ప్రధాన ప్రమాణంలో దీన్ని తీసేశారు.

అపోహ: సిమ్యులేషన్‌లో 95 శాతం మెసేజ్‌లు చేరాయి, ఇక రంగంలోకి దింపేద్దాం.

నోడ్‌లు ఎలా కదిలాయని అడగండి. 'ర్యాండమ్ వేపాయింట్ అనే కదలిక నమూనా' అని జవాబొస్తే జాగ్రత్త పడాలి. అందులో ప్రతి నోడ్ ఇష్టమొచ్చిన చోటికి పోతుంటుంది, అందరూ అందరినీ ఎప్పుడో ఒకప్పుడు కలుస్తారు. మనుషులు అలా తిరగరు. ఫోన్ల కలయికల రికార్డులు పరిశీలిస్తే ఇద్దరి రెండు కలయికల మధ్య విరామం కొన్నిసార్లు గంటలు, కొన్నిసార్లు రోజులు. ఆ పొడవాటి విరామాల్లోనే బఫర్లు నిండుతాయి. ఆ తర్వాత బఫర్ సైజెంత, మెసేజ్‌లు ఎంత జోరుగా పుట్టించారు, గడువు ఎంత పెట్టారు అని అడగండి. ఈ మూడూ రాయని గ్రాఫ్‌లో 95 ఉన్నా 40 ఉన్నా నాకు ఒకటే.