చదువు, ఆలోచన: మా గ్రంథాలయంలో రోజూ వినే అపోహలు

నెల్లూరు జిల్లాలో ఒక శాఖా గ్రంథాలయంలో పదిహేడేళ్లుగా పనిచేస్తున్నాను. పుస్తకాలు తిరిగిచ్చేటప్పుడు పాఠకులు చెప్పే మాటల్లో కొన్నిటికి జవాబు చెప్పాలనిపించింది.

అపోహ: ఎన్ని పుస్తకాలు చదివితే అంత మంచి నిర్ణయాలు తీసుకుంటాం.

వాస్తవం: లెక్కతో పనిలేదు. మా జిల్లాలోని దూబగుంటనే చూడండి. అక్షరాస్యత ఉద్యమం రోజుల్లో రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్ల చేతిలో ఉన్నది ఒక్క వాచకం. అందులో సారా చిచ్చు పెట్టిన సంసారం మీద ఒక పాఠం. అది తమ ఇంటి సంగతేనని గుర్తుపట్టారు, కూర్చుని మాట్లాడుకున్నారు. 1992లో ఊళ్లో సారా దుకాణం మూయించారు. తర్వాత వాళ్ల కథే పాఠమై పక్క ఊళ్లకు వెళ్లింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. చదివినదాన్ని బతుక్కి ఆనించి చూసుకోవడం, నలుగురితో చర్చించడం: నా అనుభవంలో నిర్ణయాన్ని మార్చేవి ఈ రెండే.

అపోహ: వయసు మీరాక అక్షరాలు రావు.

వాస్తవం: వస్తాయి. ఉత్తరప్రదేశ్ పల్లెల్లో చదువురాని పెద్దవాళ్లకు ఆరు నెలలు అక్షరాలు నేర్పి, వాళ్ల మెదడు పనితీరులో మార్పులు కనిపించాయని 2017లో పరిశోధకులు ప్రకటించారు. మాటలు వినీవినీ వస్తాయి. చదవడం మాత్రం ఏ వయసులోనైనా నేర్పితేనే వస్తుంది.

అపోహ: ఫోన్లో చదివినా, కాగితం మీద చదివినా ఒకటే.

వాస్తవం: కథలకు పెద్ద తేడా లేదు. సమాచారం తొందర తొందరగా చదవాల్సి వస్తే కాగితం మీదే కాస్త బాగా బుర్రకెక్కుతుంది.

అపోహ: పదిచోట్ల చదివామంటే నిజమే అయ్యుంటుంది.

వాస్తవం: నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇదే. ఒకే మాట మళ్లీ మళ్లీ కళ్లబడితే నిజమనిపిస్తుందని 1977లోనే ప్రయోగాల్లో తేలింది. మా పాఠకుడొకాయన రొయ్యల గుంటలు సాగుచేస్తాడు. రొయ్యలకు వైరస్ వల్ల వచ్చే తెల్లమచ్చ తెగులుకు మందంటూ ఒక మెసేజ్ చూపించి, "నాలుగు గ్రూపుల్లో వచ్చింది గదన్నా" అన్నాడు. "నలుగురు చెప్పారా, ఒకరు చెప్పిందే నాలుగుసార్లు తిరిగిందా?" అని అడిగాను. ఆ వైరస్‌కు మందు లేదని రాసిన ఆక్వా పుస్తకం తీసిచ్చాను. రెండు రోజులు ఉంచుకుని చదివాడు. మందు కొనలేదు. తర్వాతి పంటకు సీడ్‌ను, అంటే రొయ్య పిల్లల్ని, వైరస్ ఉందో లేదో తేల్చే పీసీఆర్ పరీక్ష చేయించాకే గుంటలో వదిలాడు.