పొట్ట తీసేశాక ఆకలి ఎందుకు వేయదు?

శ్రీకాకుళం జిల్లా నుంచి ఒక పాఠకురాలు అడిగారు: “నాన్నగారికి క్యాన్సర్ వచ్చి పొట్ట మొత్తం తీసేశారు. స్కాన్‌లో ఏమీ లేదన్నారు. అయినా 60 కిలోల మనిషి 50కి దిగిపోయారు. ఆకలే లేదంటారు, నాలుగు ముద్దలకే చాలంటారు. జబ్బు మళ్లీ వచ్చిందా?”

ఈ ఆపరేషన్ అయినవాళ్లు మొదటి ఏడాదిలో 10 నుంచి 20 శాతం బరువు తగ్గడం మామూలే. తర్వాత చాలామందిలో నిలకడగా ఉంటుంది. నిలిచిన బరువు మళ్లీ పడిపోతున్నా, మింగుడు పడకపోయినా, వాంతులు ఆగకపోయినా, కళ్లు పచ్చబడినా, కడుపు ఉబ్బినా వెంటనే డాక్టరుకు చూపించాలి.

ఆకలి పోవడానికి మొదటి కారణం గ్రెలిన్. 1999లో జపాన్‌లో కొజిమా, కంగావా బృందం కనిపెట్టిన హార్మోన్ ఇది. 28 అమైనో ఆమ్లాల గొలుసు. మూడో స్థానంలోని సెరీన్ అనే అమైనో ఆమ్లానికి ఎనిమిది కార్బన్ల కొవ్వు ఆమ్లం అతుక్కుంటేనే మెదడుకు “ఆకలి” అని చెప్పగలదు. ఎక్కువ భాగం పొట్ట పైభాగంలోనే తయారవుతుంది. పొట్ట పోతే అదీ పోయినట్టే.

రెండో కారణం వంశధార ఆయకట్టు రైతులకు ఇట్టే అర్థమవుతుంది. పొట్ట చెరువైతే, దాని అడుగున ఉన్న పైలోరస్ కండరం తూము. తిన్నది మెత్తగా నలిగేదాకా ఆపి, కొద్దికొద్దిగా వదులుతుంది. పై మళ్లు తాగేయగా శివారు మడికి చేరేది కాస్త తడే. ఆపరేషన్లో అన్నవాహికను నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. చెరువూ లేదు, తూమూ లేదు. ముద్ద దిగిందే తడవు శివారుకు వరద. ఆ శివారులో, అంటే చిన్నపేగు చివరన, ఎల్ కణాలు ఎక్కువ. వరద తగలగానే అవి జీఎల్‌పీ-1, పీవైవై హార్మోన్లను మామూలుకంటే చాలా ఎక్కువగా వదులుతాయి. వాటి కబురు రెండు చోట్లకు: తూముకు “తలుపు దించు”, మెదడుకు “చాలు”. దించడానికి తూమే లేదు కాబట్టి వరద ఆగదు, మెదడుకు మాత్రం “చాలు” హోరెత్తుతుంది. బరువు తగ్గించే సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్ పనిచేసేదీ ఈ జీఎల్‌పీ-1 దారిలోనే. కాబట్టి “మొండికేస్తున్నారు” అని ఆయన్ని విసుక్కోవద్దు.

అదే వరద వల్ల డంపింగ్ వస్తుంది. తిన్న అరగంటలోపు పేగులోకి నీరు లాగేసుకుని గుండెదడ, చెమట, విరేచనం. ఒకటి నుంచి మూడు గంటలకు ఇన్సులిన్ ఎక్కువై షుగర్ పడిపోయి వణుకు, కళ్లు తిరగడం. దీనికి దిష్టి తీయిస్తే లాభం లేదు, గ్లూకోమీటర్‌తో చూడాలి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల గ్లూకోజ్ ఇచ్చి, తేరుకున్నాక గుడ్డో, వేరుశెనగలో పెట్టాలి.

తూము లేనప్పుడు నీటిని మనమే కొలిచి వదలాలి. రోజుకు ఆరు నుంచి ఎనిమిదిసార్లు, చిన్న గిన్నెడు చొప్పున, ఆకలి కోసం చూడకుండా గడియారం చూసి పెట్టండి. ముద్ద పూర్తిగా నలిగేదాకా నమలాలి. నీళ్లు భోజనానికి అరగంట ముందో, అరగంట తర్వాతో. పలచని చోడి అంబలి అన్నంతోపాటు గటగటా తాగిస్తే వరదే; చిక్కగా కాచి, పెరుగు కలిపి, బెల్లం వేయకుండా విడిగా చెంచాతో పెట్టండి. నీరసమని కొబ్బరినీళ్లు, బత్తాయి రసం గ్లాసులకొద్దీ ఇవ్వకండి.

పథ్యం పేరుతో చేపా గుడ్డూ మాన్పించడం చాలా నష్టం. 50 కిలోల మనిషికి రోజుకు 60 గ్రాములకు తగ్గకుండా ప్రోటీన్ కావాలి. గుడ్డుకు 6 గ్రాములు, 100 గ్రాముల చేపకు 18 దాకా వస్తాయి. లేకపోతే తగ్గే బరువులో కండే ఎక్కువ పోతుంది. విరేచనం జిడ్డుగా తేలుతుంటే కొవ్వును అరిగించే క్లోమరసం (క్లోమగ్రంథి నుంచి వచ్చే జీర్ణరసం) సరిగా కలవడం లేదేమో డాక్టరును అడగండి. ఎంజైమ్ క్యాప్సూల్ రాస్తే మొదటి ముద్దతోనే వేయాలి.

విటమిన్ బి12 ఇంజెక్షన్ జీవితాంతం. దాన్ని పేగు పీల్చుకోవడానికి కావలసిన ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ పొట్ట గోడలోనే పుడుతుంది. కాలేయంలో నిల్వ కొన్నేళ్లు సరిపోతుంది గనుక లోటు ఆలస్యంగా, కాళ్ల తిమ్మిరిగా బయటపడుతుంది. సాధారణంగా 1000 మైక్రోగ్రాములు, నెలకో మూడు నెలలకో ఒకసారి; ఇనుము, కాల్షియం, విటమిన్ డి పరీక్షలు కూడా చేయిస్తూ ఉండాలి.