కాన్పు గదిలో నర్సు చేయి ఎక్కడిదాకా?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) లెక్కన తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, దేశ సగటు 21.5. ఈ అంకెలు బయటికొచ్చినప్పుడల్లా ముహూర్తం చూసుకుని ఆపరేషన్ అడిగే కుటుంబాలనూ, బిల్లు కోసం కోసే ఆస్పత్రులనూ తిట్టుకుంటాం. తిట్టాల్సిందే. కానీ నొప్పులు మొదలైన తల్లి పక్కన పది పన్నెండు గంటలు ఓపిగ్గా ఉండి, మామూలు కాన్పును మామూలుగానే జరగనిచ్చే మనిషి లేబర్ రూమ్‌లో ఎవరన్నది ఎవరూ అడగరు. ఆ మనిషి నర్సే కావాలి. ఆమె చదువేమిటో, తన సొంత నిర్ణయంతో ఏమేం చేయవచ్చో తేల్చకుండానే నూట యాభై ఏళ్లు గడిపేశాం.

మన వైపు కథ మద్రాసులో మొదలవుతుంది. అక్కడి ప్రసూతి ఆస్పత్రిలో 1854లోనే మంత్రసానులకు శిక్షణ ఉండేది. 1871లో జనరల్ ఆస్పత్రిలో నర్సింగ్ స్కూలు పెట్టినప్పుడు నేర్పిందీ ఆరు నెలల కాన్పు పనే. 1926లో వచ్చిన మద్రాసు నర్సులు, మంత్రసానుల చట్టంతో రిజిస్ట్రేషన్ మొదలైంది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోవే. చట్టం పేరులోనే రెండు వృత్తులు విడివిడిగా ఉన్నాయని గమనించాలి.

1946లో దేశ ఆరోగ్య వ్యవస్థను పరిశీలించిన భోర్ కమిటీ నివేదిక ఇచ్చేనాటికి బ్రిటిష్ ఇండియా మొత్తానికి ఉన్న నర్సులు సుమారు 7,000 మంది. అంటే 43,000 మంది జనానికి ఒక్కరు. అదే ఏడాది ఢిల్లీలోనూ, వేలూరు సీఎంసీలోనూ నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ మొదలైంది. 1947 చివర ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. మనుషులే లేనప్పుడు ఒకే మనిషితో రెండు పనులూ చేయించుకుందామనుకోవడం సహజం. అలా నర్సింగ్‌లోనే కాన్పు పని కలిసిపోయింది. ఈనాటికీ జీఎన్ఎం (నర్సింగ్, కాన్పు పని కలిపి నేర్పే డిప్లొమా) గానీ బీఎస్సీ గానీ పాసైన అమ్మాయి ‘ఆర్ఎన్ఆర్ఎం’ అవుతుంది. అంటే ఒకేసారి రిజిస్టర్డ్ నర్సు, రిజిస్టర్డ్ మిడ్‌వైఫ్.

కాగితం మీద ఇది బాగానే ఉంటుంది. చాలాకాలం నడిచిన పాత బీఎస్సీ సిలబస్ ప్రకారం ఒక్కో విద్యార్థిని 20 మామూలు కాన్పులు తన చేత్తో చేయాలి, ఐదు ఎపిసియాటమీలు (బిడ్డ బయటికి వచ్చే దారిని వెడల్పు చేసే కోతలు) వేసి కుట్టాలి, ఐదుగురు పసికందులకు ఊపిరి అందించాలి. లేబర్ రూమ్‌లో అసలు చిక్కు వేరే. అదే టేబుల్ దగ్గర గైనిక్ పీజీలు, హౌస్ సర్జన్లు, రెండు మూడు కాలేజీల నర్సింగ్ పిల్లలు వంతుకోసం నిలబడి ఉంటారు. పది మంది చూసిన ఒక్క కాన్పు పది కేసు బుక్కుల్లోకి ఎక్కే ప్రమాదం ఉంది. బుక్కు నిండుతుంది, చేయి మాత్రం తిరగదు. ఉద్యోగం వచ్చాక డ్యూటీ రోటా ప్రకారం ఈ నెల ప్రసూతి, వచ్చే నెల మెడికల్ వార్డు, ఆపై క్యాజువాలిటీ. నేర్చుకున్న కాస్తా అక్కడే పోతుంది.

పల్లెల్లో కథ ఇంకో దారి పట్టింది. ఏఎన్ఎం (సహాయక నర్సు, మిడ్‌వైఫ్) కోర్సు 1950ల మొదట్లో రెండేళ్ల చదువుగా వచ్చింది. దాని నడిబొడ్డు కాన్పు పనే. 1973లో కర్తార్ సింగ్ కమిటీ అన్ని ఆరోగ్య పనులూ ఒక్కరే చూసుకునే బహుళ ప్రయోజన కార్యకర్తలు కావాలంది. ఆ తర్వాత ఏఎన్ఎం శిక్షణ 18 నెలలకు తగ్గింది, నెత్తిన మలేరియా, టీకాలు, కుటుంబ నియంత్రణ అన్నీ పడ్డాయి. ఆపరేషన్ల టార్గెట్లు 1996 దాకా నడిచాయి. ఆ రోజుల్లో ఏఎన్ఎం పనితీరును ఎన్ని కాన్పులు చేసిందని కాక ఎంతమందిని ఆపరేషన్‌కు తెచ్చిందని కొలిచేవారు. ఊరి మంత్రసాని వెనక్కి తగ్గింది, ఆ చోటులోకి రావాల్సిన ఏఎన్ఎం చేతిలో రిజిస్టర్లు మిగిలాయి.

2005 మాత్రం చెప్పుకోదగ్గ మలుపు. నైపుణ్యమున్న కాన్పు సహాయకులు అన్న పేరుతో ఏఎన్ఎంలకు, లేడీ హెల్త్ విజిటర్లకు, స్టాఫ్ నర్సులకు కొన్ని మందులు డాక్టరు లేకుండానే ఇచ్చే అనుమతిని కేంద్రం ఇచ్చింది. అందులో గుర్రపువాతానికి, అంటే బీపీ పెరిగి గర్భిణికి వచ్చే ఫిట్స్‌కు ఇచ్చే మెగ్నీషియం సల్ఫేట్ గురించి వివరంగా చెప్పుకోవాలి. 50 శాతం ద్రావణం, 2 మి.లీ. ఆంపుల్‌లో 1 గ్రాము ఉంటుంది. ఐదు ఆంపుళ్లు ఒక పిరుదులోకి, ఐదు రెండో పిరుదులోకి, లోతుగా కండరంలోకి. మొత్తం 10 గ్రాములు ఇచ్చి వెంటనే పెద్దాస్పత్రికి పంపాలి. సూది పైపైన దిగితే ఆ చోట చీము పడుతుంది. ఒళ్లు వేడెక్కినట్టు ఉంటుందని తల్లికి ముందే చెప్పాలి, లేకపోతే ఉలిక్కిపడి కదులుతుంది.

ఆ అనుమతి మొదటి డోసుకే. నాలుగు గంటలకోసారి ఇచ్చే తర్వాతి డోసుకు ముందు నిమిషానికి కనీసం 16 శ్వాసలున్నాయా, మోకాటి రిఫ్లెక్స్ వస్తోందా, గంటకు 30 మి.లీ. అయినా మూత్రం వస్తోందా అని చూడాలి. విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ పక్కన ఉండాలి. సబ్‌సెంటర్‌లో ఒంటరిగా ఉన్న మనిషికి అంతసేపు గమనించడం కుదరదు కాబట్టి గీత అక్కడ గీశారు. నర్సు పరిధి ఎలా నిర్ణయించాలో చూపే మంచి ఉదాహరణ ఇది. హోదాను పక్కన పెట్టి, మందిచ్చాక ఎవరు కనిపెట్టుకుని ఉండగలరన్నదే చూశారు.

బిడ్డ పుట్టిన నిమిషంలోపు, కడుపులో మరో బిడ్డ లేదని తేల్చుకుని, రక్తస్రావం ఎక్కువ కాకుండా ఇచ్చే ఆక్సిటోసిన్ 10 యూనిట్లకూ అదే అనుమతి. దీన్ని 2–8 డిగ్రీల చలిలో దాచాలి. మే నెలలో ట్రేలోనే వదిలేస్తే బలం తగ్గుతుంది. రక్తస్రావం ఆగనప్పుడు నింద ఇంజెక్షన్ చేసిన నర్సు మీద పడుతుంది, పాడైన ఫ్రిజ్ మీద పడదు. చల్లదనం నమ్మకం లేనిచోట మిసోప్రోస్టాల్ 600 మైక్రోగ్రాముల మాత్రలు ఇవ్వాల్సింది అందుకే.

ఇవన్నీ ఆపద వేళ అనుమతులు. మామూలు కాన్పును మొదటినుంచి చివరిదాకా నర్సుకే అప్పగించే ఆలోచన ఊపందుకున్నది 2010ల తర్వాతే. హైదరాబాద్‌లో ఫెర్నాండెజ్ ఆస్పత్రి 2011లో మిడ్‌వైఫ్‌ల శిక్షణ మొదలుపెట్టింది. 2017లో యూనిసెఫ్‌తో కలిసి తెలంగాణ ప్రభుత్వం తన స్టాఫ్ నర్సులను 18 నెలల శిక్షణకు పంపింది. తొలి బ్యాచ్ 30 మంది. 2018 డిసెంబరులో కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ సేవల మార్గదర్శకాలు తెచ్చింది. ‘నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ’ కోర్సు కూడా 18 నెలలే. అప్పటికే జీఎన్ఎం లేదా బీఎస్సీ చదివి, కాన్పుల అనుభవం ఉన్నవారికే సీటు.

వీళ్లు చూసేది ముప్పు తక్కువున్న గర్భిణులను. బీపీ 140/90 దాటినా, ఉమ్మనీరు పచ్చగా చిక్కగా వచ్చినా, బిడ్డ గుండె వేగం నిమిషానికి 110 కిందికో 160 పైకో పోయి అక్కడే నిలిచినా డాక్టరును పిలవాలి. అవేవీ లేకపోతే తల్లిని లేచి తిరగనిస్తారు, తాగనిస్తారు, వెల్లకిలా పడుకోబెట్టకుండా ఆమెకు వీలైన భంగిమలో కననిస్తారు, అలవాటుగా కోతపెట్టరు. డాక్టరు పనిని లాక్కోవడం ఇందులో ఏమీ లేదు. డాక్టరుకు తీరిక లేక ఆపరేషన్‌తో ముగిసిపోతున్న పనిని అందుకోవడమే.

2023 ఆగస్టులో వచ్చిన జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం 1947 చట్టాన్ని రద్దు చేస్తూ మిడ్‌వైఫరీని పేరులోకి మళ్లీ తెచ్చింది. అయితే పేరుతో లేబర్ రూమ్‌లో మనుషులు పెరగరు. అక్కడ కావాల్సింది పోస్టులు. నొప్పులు ముదిరిన ఒక తల్లికి ఒక మిడ్‌వైఫ్ చొప్పున రెండు మంచాల చిన్న యూనిట్‌నే తీసుకుందాం. మూడు షిఫ్టులకు ఆరుగురు, సెలవుల కోసం 30 శాతం కలిపితే ఎనిమిది మంది. వీళ్లను స్టాఫ్ నర్సు పోస్టుల్లోనే ఉంచితే, క్యాజువాలిటీలో మనిషి తక్కువైన రోజున హెడ్ నర్సు చేయి ముందు ఈ ఎనిమిది మంది దగ్గరికే వెళ్తుంది. ఇద్దరిని అటు పంపిస్తే రాత్రి షిఫ్టులో రెండు మంచాలకు ఒక్కరే మిగులుతారు.