రిపోర్టు అంతా గ్రీన్, స్టీరింగ్‌లో మాత్రం ప్రాణం లేదు: మియాటా అలైన్‌మెంట్ అపోహలు - వాస్తవాలు

“అన్నా, మొన్ననే అలైన్‌మెంట్ చేయించా. రిపోర్టులో అన్నీ గ్రీనే. అయినా స్టీరింగ్ మొద్దుగా ఉంది. చాసిస్ ఏమైనా వంగిందంటావా?” అమెరికాలో సెకండ్‌హ్యాండ్ మియాటా (మాజ్దా కంపెనీ రెండు సీట్ల స్పోర్ట్స్ కారు) కొన్న మనవాళ్లు ఎవరు ఫోన్ చేసినా మొదటి ప్రశ్న ఇదే. ఎక్కువగా 1989-97 నాటి మొదటి తరం ఎన్ఏ, 1998-2005 నాటి రెండో తరం ఎన్‌బీ కార్లవాళ్లు. నెలల తరబడి వెతికి, ఇష్టపడి కొన్న కారు గురించి ఆ భయం పట్టుకుంటే నిద్ర పట్టదు. చాలాసార్లు చాసిస్‌కి ఏమీ కాదు. తప్పు ఆ గ్రీన్ రంగును నమ్మడంలో ఉంటుంది.

అపోహ: రిపోర్టులో అన్నీ గ్రీన్ అయితే అలైన్‌మెంట్ పక్కా

వాస్తవం: అలైన్‌మెంట్ అంటే చక్రాలు ఏ కోణాల్లో నిలబడి ఉన్నాయో కొలిచి సర్దడం. గ్రీన్ అంటే ఆ అంకె కంపెనీ ఇచ్చిన కనిష్ఠ, గరిష్ఠ హద్దుల మధ్య ఉందని మాత్రమే. ఆ హద్దులు వెడల్పుగా ఉంటాయి. పెద్ద సెడాన్‌లో ఆ తేడా చేతికి తెలియకపోవచ్చు. టన్ను అటూ ఇటూ బరువుండి, నాలుగు చక్రాలకీ డబుల్ విష్‌బోన్ (ఒక్కో చక్రాన్ని పైనా కిందా ఆర్మ్‌లు పట్టుకునే) సస్పెన్షన్ ఉన్న మియాటాలో అరచేతికి వెంటనే తెలిసిపోతుంది.

మెషిన్‌లో క్యాస్టర్ (స్టీరింగ్ తిప్పితే చక్రం ఏ ఇరుసు చుట్టూ తిరుగుతుందో, పక్కనుంచి చూస్తే అది ఎంత వెనక్కి వాలి ఉందో) హద్దులు 4 నుంచి 6 డిగ్రీలు అని ఉందనుకోండి. ఎడమ 4.1, కుడి 5.7 వచ్చాయి. రెండూ గ్రీనే. 185/60 ఆర్14 అయినా 195/50 ఆర్15 అయినా టైరు రేడియస్ సుమారు 288 మిల్లీమీటర్లు. ఆ లెక్కన ఎడమ చక్రానికి మెకానికల్ ట్రెయిల్ (ఆ ఇరుసు గీత నేలను తాకే చోటుకీ, టైరు నేలను తాకే చోటుకీ మధ్య దూరం) 20 మిల్లీమీటర్లు దాటి కొంచెం, కుడి చక్రానికి దాదాపు 29. స్టీరింగ్‌ను మధ్యకి తెచ్చే బలం రెండు వైపులా ఒకేలా ఉండదు. క్యాస్టర్ తక్కువున్న ఎడమ వైపుకి బండి లాగుతుంది. ఎడమ మలుపులో ఒక బరువు, కుడి మలుపులో ఇంకో బరువు. “స్టీరింగ్ ఏదోలా ఉంది” అని మీరు చెప్పలేక చెప్పేది దీన్నే.

ఇంకా చిక్కేమిటంటే, క్యాంబర్ (ముందునుంచి చూస్తే చక్రం పైభాగం వాలు; లోపలికైతే నెగటివ్, బయటికైతే పాజిటివ్) తేడా దీన్ని కప్పేస్తుంది. బండి పాజిటివ్ వైపు ఎక్కువున్న చక్రం దిక్కుకి లాగుతుంది. ఎడమ మైనస్ 1.0, కుడి మైనస్ 0.3 ఉంటే అది కుడికి లాగుతుంది, క్యాస్టర్ ఎడమకి లాగుతుంది, రెండూ చెల్లుకు చెల్లు అవుతాయి. టెస్ట్ డ్రైవ్‌లో బండి నిటారుగా పోతుంది, షాపువాళ్లు ఓకే అంటారు. మలుపుల రోడ్డు ఎక్కాక అసలు సంగతి బయటపడుతుంది. రోడ్డు మీద నడిపే కారులో ఎడమ-కుడి తేడా క్యాస్టర్‌కి 0.3, క్యాంబర్‌కి 0.2 డిగ్రీలు దాటనివ్వకూడదన్నది నా పట్టుదల.

వెనక చక్రాలను అసలు ఎవరూ చూడరు. ఒక్కో చక్రానికి టో (పైనుంచి చూస్తే చక్రం ముందుభాగం లోపలికి తిరిగితే టో-ఇన్, బయటికైతే టో-అవుట్) హద్దు 0.00 నుంచి 0.30 డిగ్రీలు అనుకుందాం. ఎడమ వెనక 0.28, కుడి వెనక 0.02 టో-ఇన్ ఉన్నాయి. రెండూ గ్రీనే, మొత్తం 0.30 కూడా గ్రీనే. కానీ థ్రస్ట్ యాంగిల్ (వెనక చక్రాలు రెండూ కలిసి బండిని తోసే దిక్కు) 0.13 డిగ్రీలు కుడికి తిరిగి ఉంది. నిటారుగా పోవాలంటే స్టీరింగ్‌ను కొంచెం కుడికి పట్టుకోవాలి, వెనక భాగం ఒక పక్కకి జరిగినట్టు బండి నడుస్తుంది. యాక్సిడెంట్ కారు అంటగట్టారేమోనని జనం బెంగపడేది ఇక్కడే. మొదట కామ్ బోల్టు (తిప్పితే ఆర్మ్‌ను జరిపే సర్దుబాటు బోల్టు) గుర్తులు చూడండి. కామ్ చివరిదాకా తిప్పినా అంకె రాకపోతేనే ఆర్మ్ వంగిందా, సబ్‌ఫ్రేమ్ (సస్పెన్షన్‌ను బిగించే ఫ్రేము) జరిగిందా అని వెతకాలి. అంతవరకు భయపడాల్సిన పని లేదు.

ఇప్పుడు రిపోర్టు చేతిలోకి తీసుకుని ‘ముందు’, ‘తర్వాత’ కాలమ్‌లు పక్కపక్కన చదవండి. ఫ్రంట్ టో ఒక్కటే మారి, క్యాస్టర్, క్యాంబర్, వెనక టో పాత అంకెల దగ్గరే ఉన్నాయా? అయితే నాలుగు చక్రాల డబ్బు కట్టించుకుని టై రాడ్‌లు (స్టీరింగ్ నుంచి ముందు చక్రాలను తిప్పే కడ్డీలు) మాత్రమే తిప్పారు. ఎన్ఏ, ఎన్‌బీల్లో ముందు, వెనక లోయర్ ఆర్మ్‌లన్నింటికీ కామ్ బోల్టులుంటాయి, అన్నీ సర్దొచ్చు. ఉప్పు చల్లే చలి రాష్ట్రాల్లో నడిచిన బండ్లలో అవి బుష్ (ఆర్మ్ చివర ఉండే రబ్బరు) లోపలి స్లీవ్‌కి తుప్పుతో అతుక్కుపోతాయి. దాన్ని వదిలించడం గంటల పని కాబట్టి, అంకె గ్రీన్‌లో ఉంటే ఎవరూ ముట్టుకోరు. బుక్ చేసేముందే “కామ్ బోల్టులు ఆడుతున్నాయా?” అని అడగండి. ముందు రోజు పెనెట్రేటింగ్ ఆయిల్ కొట్టి ఉంచమనండి. కదలకపోతే బోల్టు కోసి కొత్త బోల్టు, కొత్త బుష్ వేయడమే దారి. స్టీరింగ్ ఫీల్ కావాలంటే ఆ ఖర్చు తప్పదు.

పని వరుస కూడా ముఖ్యం. టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి సరిచూడాలి. ముందు చక్రం పైకెత్తి 9-3 స్థానాల్లో పట్టుకుని ఊపితే టై రాడ్ ఎండ్ ఆట తెలుస్తుంది, 12-6లో ఊపితే బాల్ జాయింట్, బేరింగ్. ఆట ఉన్న బండికి అలైన్‌మెంట్ చేయడం డబ్బు దండగ. సగం ట్యాంకు పెట్రోలు, డ్రైవర్ సీట్లో మీ బరువు ఉండాలి. రెండు సీట్ల తేలిక బండిలో మనిషి బరువుకే క్యాంబర్ కదులుతుంది. సస్పెన్షన్‌ను నాలుగుసార్లు నొక్కి వదిలి, బ్రేక్ పెడల్ లాక్ చేసి, క్యాస్టర్ స్వీప్ తీయాలి (చక్రాలను అటూ ఇటూ తిప్పి క్యాస్టర్ కొలవడం). మొదట వెనక క్యాంబర్, తర్వాత వెనక టో, తర్వాత ఫ్రంట్ క్యాస్టర్, క్యాంబర్, అన్నిటికన్నా చివర ఫ్రంట్ టో. ఫ్రంట్ ఆర్మ్‌లోని రెండు కామ్‌లూ ఒకే దిక్కుకి జరిపితే క్యాంబర్, ఎదురెదురుగా జరిపితే క్యాస్టర్ మారుతుంది. ఏది మారినా టో చెదిరిపోతుంది. అందుకే టో చివర.

టో దగ్గర ఒక చిన్న విషయం పెద్ద నష్టం చేస్తుంది. స్క్రీన్ మీద అంకె కుదిరాక లాక్ నట్ బిగించేటప్పుడు టై రాడ్ కొంచెం తిరిగిపోతుంది. 0.02 ఉన్నది 0.08 అవుతుంది. రాడ్‌ను ఇంకో స్పానర్‌తో పట్టుకుని నట్ బిగించాలి, బిగించాకే ప్రింట్ తీయాలి. ర్యాక్ బూట్ (టై రాడ్ మొదట్లో ఉండే రబ్బరు తొడుగు) మెలిక పడకుండా దాని క్లిప్పు ముందే వదులు చేయాలి. కామ్ బోల్టులు బిగించేది బండి తన చక్రాల మీద నిలబడి ఉన్నప్పుడే. లిఫ్ట్ మీద చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే బుష్ రబ్బరు మెలి తిరిగి ఉండిపోతుంది. ఎత్తూ మారుతుంది, బుష్ కూడా త్వరగా చిరుగుతుంది.

రోజూ తిరిగే ఎన్ఏ, ఎన్‌బీలకి నేను మొదలుపెట్టే అంకెలు ఇవి (అన్నీ డిగ్రీల్లో, ఇన్ అంటే టో-ఇన్): ఫ్రంట్ క్యాంబర్ మైనస్ 1.0, క్యాస్టర్ రెండు వైపులా సమానంగా 5 దగ్గర, ఫ్రంట్ టో మొత్తం సున్నా నుంచి 0.05 ఇన్, వెనక క్యాంబర్ మైనస్ 1.5, వెనక టో మొత్తం 0.10 నుంచి 0.20 ఇన్, థ్రస్ట్ సున్నా. కాగితం మీద రాసి టెక్నీషియన్ చేతికివ్వండి. “బాగా చేయండి” అంటే గ్రీన్ చేసి ఇస్తారు, అంకెలు ఇస్తే అంకెలు వస్తాయి.

అపోహ: నెగటివ్ క్యాంబర్ టైర్లను తినేస్తుంది

వాస్తవం: తినేది టో. ఒక చక్రం 0.25 డిగ్రీలు పక్కకి చూస్తే, కిలోమీటరుకి 4 మీటర్లకు పైగా అడ్డంగా రాసుకుంటూ పోతున్నట్టు. 10,000 కిలోమీటర్లకి 40 కిలోమీటర్ల పైమాటే. ఇక ఆ టైరు మిగులుతుందా? క్యాంబర్ చేసేదల్లా ఆ అరుగుదలను లోపలి అంచుకి చేర్చడం. మైనస్ 1.5 క్యాంబర్‌తో టో సరిగ్గా ఉన్న టైరు హాయిగా నడుస్తుంది. విన్నమాట నమ్మి క్యాంబర్‌ను సున్నాకి తెప్పించుకున్నవాళ్లకి మలుపులో ముందు పట్టు పోతుంది, టో అలాగే ఉంటే టైర్లూ పోతాయి.

అపోహ: క్యాస్టర్ ఎంత పెంచితే ఫీల్ అంత బాగుంటుంది

వాస్తవం: బరువు వేరు, ఫీల్ వేరు. స్టీరింగ్‌లో మనకి తెలిసే కబురు రెండు చోట్ల నుంచి వస్తుంది. క్యాస్టర్ ఇచ్చే మెకానికల్ ట్రెయిల్ ఒకటి, టైరు తనంతట తాను పుట్టించే న్యూమాటిక్ ట్రెయిల్ ఇంకొకటి. మలుపులో టైరు పట్టు అంచుకి చేరేలోపే న్యూమాటిక్ ట్రెయిల్ పడిపోతుంది. చేతిలో బరువు తగ్గుతుంది. ‘ఇక చాలు’ అని టైరు ముందుగా చెప్పే మాట అది. క్యాస్టర్ మరీ పెంచితే మెకానికల్ ట్రెయిల్ పెద్దదై ఆ మాటను ముంచేస్తుంది. స్టీరింగ్ చివరిదాకా బరువుగానే ఉంటుంది, టైరు ఎప్పుడు జారిందో తెలియదు. పవర్ స్టీరింగ్ లేని ఎన్ఏలో పార్కింగ్ దగ్గర భుజాలు కూడా నొస్తాయి.

మరీ తగ్గించినా నష్టమే. స్టీరింగ్ తిప్పినప్పుడు బయటి చక్రానికి నెగటివ్ క్యాంబర్ చేర్చేది క్యాస్టరే. పైగా ఈ కార్లలో రెండూ ఆ రెండు కామ్‌ల మీదే ఆధారపడతాయి కాబట్టి, ట్రాక్ కోసం క్యాంబర్ అంతా లాగేస్తే క్యాస్టర్‌కి చోటు మిగలదు.

అపోహ: స్పోర్టీగా ఉండాలంటే టో-అవుట్ పెట్టాలి

ముందు చక్రాలకి కొద్దిగా టో-అవుట్ ఇస్తే మలుపులోకి చురుగ్గా దిగుతుంది, నిజమే. హైవే మీద మాత్రం ప్రతి గాడినీ వెతుక్కుంటూ పోతుంది, మీరు స్టీరింగ్ దిద్దుతూనే ఉండాలి. సున్నా చాలు. వెనక చక్రాలకి టో-అవుట్ మాత్రం ఎవరు చెప్పినా వినకండి. తడి రోడ్డు మలుపులో యాక్సిలరేటర్ వదిలిన క్షణాన వెనక భాగం తిరిగిపోతుంది. ప్రాణాల మీదికి వచ్చే సంగతి ఇది.

మిగతావి, త్వరగా

బండి పక్కకి లాగితే అలైన్‌మెంట్ పోయినట్టేనా? ముందు రెండు టైర్లను అటూ ఇటూ మార్చి చూడండి. లాగే దిక్కు మారితే తప్పు టైరుది. రోడ్డు వాలు కూడా చూసుకోండి. అమెరికాలో కుడికి, మన దగ్గర ఎడమకి ఉంటుంది. గంటకి 100 కిలోమీటర్ల దగ్గర స్టీరింగ్ వణికితే ముందు చూడాల్సింది బ్యాలెన్సింగ్.

స్టీరింగ్ వీల్ వంకరగా ఉందని దాన్ని ఊడదీసి స్ప్లైన్ (షాఫ్ట్ మీది పళ్లు) మీద జరిపి పెట్టేవాళ్లున్నారు. ఒప్పుకోకండి. ర్యాక్ మధ్యలో లేకుండానే మిగిలిపోతుంది. థ్రస్ట్ సరిచేసి, రెండు టై రాడ్‌లనూ సమంగా తిప్పి సరిచేయాలి.

ఈ అంకెలన్నీ హైదరాబాద్‌లో మీ పోలో జీటీకి పెట్టమంటే కుదరదు. అందులో సర్దడానికి ఉన్నది ప్రధానంగా ఫ్రంట్ టో. వెనక రెండు చక్రాలనూ కలిపే ట్విస్ట్ బీమ్‌కి సర్దుబాటే లేదు. ఉన్న ఒక్క టోనైనా సరిగ్గా పెట్టించుకోండి.

2015లో వచ్చిన ఎన్‌డీ తరం మియాటాకి ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్. మోటారు వల్ల తగ్గే కబురును ఏ అలైన్‌మెంటూ పూర్తిగా తిరిగి తేలేదు. టో మార్చి స్టీరింగ్ సెంటర్ కదిలితే స్టీరింగ్ యాంగిల్ సెన్సార్‌ను మళ్లీ సున్నా చేయించండి. లేకపోతే స్టెబిలిటీ కంట్రోల్ లైటు వెలగొచ్చు.

స్ప్రింగులు మార్చి బండి దించినవాళ్లు ఆ రోజే అలైన్‌మెంట్ చేయించి, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగి స్ప్రింగులు సర్దుకున్నాక మళ్లీ కొలిపించండి. మొదటి రోజు హబ్ మధ్య నుంచి ఫెండర్ అంచుదాకా నాలుగు చక్రాల ఎత్తులూ టేపుతో కొలిచి రిపోర్టు వెనకాల రాసి పెట్టుకుంటే, రెండోసారి ఏ మూల ఎంత దిగిందో టెక్నీషియన్‌కి చూపించొచ్చు.