ఫార్మాట్ కొట్టినా అదే పేజీ: ఈ తగాదా ఎక్కడ మొదలైంది?

విజయవాడ గవర్నర్‌పేటలో, గుంటూరు బ్రాడీపేటలో కంప్యూటర్ రిపేరు షాపుల దగ్గర పాత పంచాయతీ మళ్లీ లేచింది. క్రోమ్ తెరిస్తే గూగుల్ బదులు ముక్కూమొహం తెలియని సెర్చ్ పేజీ ఏదో వస్తుంది. ఇలా పేజీ మార్చేసే సాఫ్ట్‌వేర్‌ను 'హైజాకర్' అంటారు. డబ్బులిచ్చి ఫార్మాట్ కొట్టించుకుని ఇంటికెళ్తే మర్నాటికి మళ్లీ అదే. షాపు సరిగ్గా చేయలేదని కస్టమరు అంటాడు. ఏవేవో డౌన్‌లోడ్ చేసి 'నెక్స్ట్ నెక్స్ట్' కొట్టుకుంటూ పోయింది మీరేగా అని షాపువాళ్లు అంటారు. ఇంటర్నెట్ సెంటర్ల కాలం నాటి టూల్‌బార్ల (బ్రౌజర్ పైన వచ్చి చేరే అదనపు పట్టీల) సంగతి అందరికీ తెలిసిందే, వదిలేద్దాం. ఆ 'నెక్స్ట్'ను మన ఒప్పుకోలుగా ఎవరు, ఎప్పుడు మార్చారన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

అది 2011, 2013 మధ్య జరిగింది. చేసింది దొంగ సైట్లు కాదు, పేరున్నవే. అప్పటిదాకా నమ్మకంగా డౌన్‌లోడ్ చేసుకునే చోటనుకున్న సీనెట్ వారి డౌన్‌లోడ్.కామ్, 2011లో ఇతరుల ఉచిత సాఫ్ట్‌వేర్లకు తన సొంత ఇన్‌స్టాలర్ తొడుగు వేయడం మొదలుపెట్టింది. ఆ తొడుగులో టూల్‌బార్ ఉండేది. హోమ్ పేజీనీ, సెర్చ్‌నూ అదే మార్చేసేది. నెట్‌వర్క్‌లను పరీక్షించే ఉచిత సాధనం ఎన్‌మ్యాప్‌ను తయారుచేసిన గోర్డన్ లయన్ ఆ డిసెంబరులో బహిరంగంగా గొడవ చేశాక సీనెట్ క్షమాపణ చెప్పింది. తర్వాత 2013లో ఉచిత సాఫ్ట్‌వేర్లు పంచే సైటు సోర్స్‌ఫోర్జ్ కూడా అదే దారి పట్టింది. అది నచ్చని జింప్ (ఫొటోలు దిద్దే ఉచిత సాఫ్ట్‌వేర్) బృందం ఆ నవంబరులోనే అక్కడి నుంచి వెళ్లిపోయింది. అయినా 2015లో సోర్స్‌ఫోర్జ్, జింప్ విండోస్ ఇన్‌స్టాలర్‌కే ప్రకటనల తొడుగు వేసి పెట్టింది. యాజమాన్యం మారాక, 2016లో గానీ ఆ పద్ధతి ఆగలేదు.

మన దగ్గర ఎక్కువమందికి తగిలింది మాత్రం జావా. డిజిటల్ సంతకంతో ఈ-టెండర్లు వేసే కంప్యూటర్లలో అప్పట్లో జావా ఉండి తీరాలి. కాంట్రాక్టరు ఆఫీసులో గుమాస్తాకు అప్‌డేట్ చేయకుండా గడిచేది కాదు. జావా యజమాని ఒరాకిల్ ఇచ్చే ఆ అప్‌డేట్‌లో ఆస్క్ అనే సెర్చ్ సైటు టూల్‌బార్ గడికి ముందే టిక్కు పెట్టి ఉండేది. పైగా జావా ఎక్కిన వెంటనే టూల్‌బార్ కనిపించేది కాదు, సుమారు 10 నిమిషాలు ఆగి ఎక్కేదని 2013లో బయటపడింది. అనుమానమొచ్చి వెంటనే వెతికినా ఏమీ దొరకదన్నమాట! ఇంత పకడ్బందీగా చేసినదానికి 'చూసుకుని నొక్కాల్సింది' అని గుమాస్తాను తప్పుపట్టడం ఏం న్యాయం?

దీని వెనక రేట్ల పట్టిక కూడా ఉంది. ఇన్‌స్టాల్‌కు ఇంత అని చెల్లించే ఈ వ్యాపారంపై గూగుల్, న్యూయార్క్ యూనివర్సిటీ పరిశోధకులు 2016లో అధ్యయనం వెలువరించారు. దేశాన్ని బట్టి ఒక్కో ఇన్‌స్టాల్‌కు 10 సెంట్ల నుంచి డాలరున్నర దాకా పలికేదట. వారానికి 6 కోట్లకు పైగా డౌన్‌లోడ్ ప్రయత్నాలు లెక్కతేలాయి. మరుసటి ఏడాది బీజింగ్ కంపెనీ రాఫోటెక్ వదిలిన 'ఫైర్‌బాల్' అనే హైజాకర్ సంగతి కంప్యూటర్ భద్రతా సంస్థ చెక్‌పాయింట్ బయటపెట్టింది. ప్రపంచంలో 25 కోట్ల కంప్యూటర్లకు సోకితే అందులో 2.53 కోట్లు భారత్‌వేనంది. ఆ లెక్కలు బాగా పెంచినవని మైక్రోసాఫ్ట్ కొట్టిపారేసింది. నిజమైన సంఖ్య ఎంతైనా, అదీ వేరే ఉచిత సాఫ్ట్‌వేర్ల వెంట వచ్చి హోమ్ పేజీ మార్చిందే.

షాపువాళ్ల వాదనలో పస లేకపోలేదు. శుభలేఖలు, కరపత్రాలు వేసే డీటీపీ సెంటర్లలో తెలుగు ఫాంట్ల కోసం, పాత ప్రింటర్ డ్రైవర్ల కోసం, క్రాకుల (డబ్బు కట్టకుండా సాఫ్ట్‌వేర్ వాడుకునే దొంగ ఫైళ్ల) కోసం దొరికిన ప్రతి సైటూ తొక్కుతారు. డౌన్‌లోడ్ బటన్లు నాలుగు కనిపిస్తే అసలుది ఒక్కటే. కానీ ఫార్మాట్ కొట్టాక 'డ్రైవర్ ప్యాక్' అంటూ షాపు పెన్‌డ్రైవ్‌లోంచి ఎక్కించే ఉచిత సరంజామా ఎక్కడిదో కూడా అడగాలి కదా.

చట్టం చూస్తే, ఇతరుల కంప్యూటర్‌లో చొరబడటం, వైరస్‌లు ఎక్కించడం లాంటివాటి గురించి చెప్పే 2000 నాటి ఐటీ చట్టం 43వ సెక్షన్ 'యజమాని అనుమతి లేకుండా' అనే మాట మీదే నడుస్తుంది. టిక్కు తీయకపోతే అనుమతిచ్చినట్టే అనొచ్చు కాబట్టి, టిక్కు పెట్టిన గడి ఆ మాటకు జవాబులా అనిపిస్తుంది.

మళ్లీ మళ్లీ రావడానికి కారణాలు ఇప్పుడు కొంచెం మారాయి. విండోస్ క్రోమ్‌లో ఇలాంటివాటిని ఏరేసే సాధనం ఒకటి ఉండేది, గూగుల్ దాన్ని 2023 మార్చిలో తీసేసింది. ఈ రకం సాఫ్ట్‌వేర్ బాధ తగ్గిపోయిందని కారణం చెప్పింది. కొన్ని హైజాకర్లు డెస్క్‌టాప్ షార్ట్‌కట్ చివర తమ అడ్రసు అతికిస్తాయి. కొన్ని విండోస్ సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో, ఆఫీసులు బ్రౌజర్‌కు పెట్టే నిబంధనల్లాంటి పాలసీ రాసేస్తాయి. ఇంట్లో కంప్యూటర్‌కు కూడా క్రోమ్ మెనూలో 'మీ సంస్థ నిర్వహిస్తోంది' అని కనబడితే అనుమానించాల్సింది దాన్నే. ఈ రెండూ ఫార్మాట్‌తో పోతాయి.

పోనిది సింక్, అంటే బ్రౌజర్ సెట్టింగులను గూగుల్ అకౌంట్‌లో దాచి మళ్లీ తెచ్చే సదుపాయం. హైజాకర్ ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాం) రూపంలో ఉండి, ఇంకా క్రోమ్ వెబ్ స్టోర్‌లో దొరుకుతుంటే, ఫార్మాట్ తర్వాత కస్టమరు తన గూగుల్ అకౌంట్‌తో లాగిన్ కాగానే అది తిరిగొస్తుంది. షాపులో లాగిన్ ఉండదు కాబట్టి అక్కడ అంతా శుభ్రంగానే కనిపిస్తుంది. ఇద్దరూ తమదే నిజమనుకోవడం అందుకే. సింక్ ఆన్‌లో ఉండగానే ఆ ఎక్స్‌టెన్షన్‌ను తీసేస్తే తీసేసిన సంగతి అకౌంట్‌కూ ఎక్కుతుంది. చాలాసార్లు విండోస్ మళ్లీ వేయాల్సిన అవసరమే ఉండదు. బిల్లులో మాత్రం ఫార్మాట్ చార్జీయే రాసి ఉంటుంది.