గాయాలను దాచని మరమ్మతు: బెర్లిన్ మ్యూజియం, విశాఖ పాతపట్నం

టౌన్‌హాల్ మొదలుకొని కురుపాం మార్కెట్ దాకా విశాఖ పాతపట్నంలో మిగిలిన పాత కట్టడాలను కొత్తవాటిలా మెరిపించాలా, వాటి వయసు కనబడేలా నిలబెట్టాలా అన్న వాదన మళ్లీ రేగింది. దీనికి జవాబు వెతికితే బ్రిటిష్ ఆర్కిటెక్ట్ డేవిడ్ చిప్పర్‌ఫీల్డ్ బెర్లిన్‌లో చేసిన ఒక పని దగ్గర ఆగాలి. 2023లో వాస్తుశిల్పంలో అత్యున్నతంగా భావించే ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకున్న ఆయన ఇంగ్లండ్‌లోని మార్గేట్, వేక్‌ఫీల్డ్‌లలోనూ, మెక్సికో నగరంలోనూ కట్టిన కళా మ్యూజియాలు పేరున్నవే. అయినా మన చర్చకు పనికొచ్చేది ఆయన బాగుచేసిన బెర్లిన్‌లోని నోయెస్ మ్యూజియమే.

19వ శతాబ్దం మధ్యలో ఫ్రీడ్రిష్ ఆగస్ట్ స్ట్యూలర్ కట్టిన ఆ భవనం రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులకు దెబ్బతిని, దశాబ్దాల తరబడి శిథిలంగానే పడి ఉంది. 1997లో పని చేపట్టిన చిప్పర్‌ఫీల్డ్, పరిరక్షణ నిపుణుడు జూలియన్ హారప్‌తో కలిసి, ప్రతి గదిలో ఏం మిగిలిందో చూసి, మిగిలినదాన్ని ఉన్నచోటే గట్టిపరిచారు. కూలిన గోడలను పాత ఇటుకలతోనే లేపారు. చిత్రాలతో కళకళలాడిన ప్రధాన మెట్ల మందిరంలో పోయిన అలంకరణను అనుకరించక, పాత మెట్ల ఆకారాన్ని మాత్రం ఉంచి, పాలరాతి ముక్కలు కలిపిన తెల్లని కాంక్రీటుతో కొత్త మెట్లు కట్టారు. అసలు వైభవాన్ని యథాతథంగా తిరిగి తేవాలని కొందరు బెర్లిన్ పౌరులు సంతకాలు కూడా సేకరించారు. 2009లో మ్యూజియం తెరుచుకుంది. 2011లో యూరప్ సమకాలీన వాస్తు బహుమతి దానికే దక్కింది. తర్వాత అదే నగరంలో ఆర్కిటెక్ట్ మీస్ వాన్ డెర్ రోహె కట్టిన కళా మ్యూజియం నోయె నేషనల్‌గేలరీని చిప్పర్‌ఫీల్డ్ బాగుచేసేటప్పుడు, సుమారు 35,000 భాగాలను విప్పి, గుర్తులు వేసి, బాగుచేసి, 2021లో తెరిచేనాటికి తిరిగి వాటి చోటనే అమర్చారు.

విశాఖలో ఇది అభిరుచికి సంబంధించిన తగాదా మాత్రమే కాదు. సున్నంతో కట్టిన పాత గోడలకు సిమెంటు పూత పూస్తే లోపలి తేమ బయటికి పోయే దారి మూసుకుపోతుంది. సముద్రపు గాలి మోసుకొచ్చిన ఉప్పు లోపలే గడ్డకట్టి ఇటుకను పిండి చేస్తుంది. మెరుపు కోరేవారి వాదనలో ఈ సంగతికి సమాధానం లేదు. డచ్ బంగ్లాలో 1991 నుంచి విశాఖ మ్యూజియం నడుస్తున్న ఊరిలో పాత భవనానికి కొత్త ప్రాణం పోయడం తెలియని విద్యేమీ కాదు. టెండరు పిలవకముందే గోడల పూతను పరీక్షించి, ఏ గదిలో ఏది తొలగిస్తారో, ఏది ఉంచుతారో పటాలతో సహా పౌరుల ముందు పెట్టాలి.