గ్లేసియర్ గడ్డకట్టిన నది కాదర్రా

చిన్నీ, బుజ్జీ,

మొన్న ఫోన్‌లో "గ్లేసియర్ అంటే గడ్డకట్టిన నదేనా తాతయ్యా?" అని అడిగితే ఊఁ అనేశాను. తప్పు చెప్పాను. గడ్డకట్టిన నది కావాలంటే చలికాలంలో లడఖ్‌లో జంస్కార్ చూడాలి, దాని మీద జనం నడుస్తారు. అది గ్లేసియర్ కాదు. గ్లేసియర్ కురిసిన మంచులోంచి పుడుతుంది.

ఐస్‌గోలా బండి దగ్గర నిలబడి చూశారుగా? తురిమిన ఐసు పొడిపొడిగా ఉంటుంది. బండివాడు గ్లాసులో వేసి అదిమితే పుల్లకి పట్టుకుని ముద్దవుతుంది. కొండల్లో ఆ అదిమే పని మంచు బరువే చేస్తుంది. ఎండాకాలంలో కరగ్గా మిగిలినదాని మీద మరుసటేడు మంచు, దాని మీద ఇంకో ఏడాదిది. అడుగునున్నది నలిగి పంచదార పలుకుల్లా అవుతుంది. దాన్ని ఫిర్న్ అంటారు. ఇంకా నొక్కుకుపోతే గాలి చాలావరకు బయటికి పోయి, మిగిలింది బుడగలుగా చిక్కుకుని, గట్టి ఐసవుతుంది. అది తన బరువుకి తానే పల్లానికి కదిలితేనే గ్లేసియర్.

వయసులో ఉండగా గోముఖ్ వెళ్లాను. గంగోత్రి గ్లేసియర్ సుమారు 30 కిలోమీటర్ల పొడవు, దాని చివర అది. తెల్లగా మెరుస్తుందనుకుంటే, బూడిదరంగు గుట్ట! పక్క కొండల నుంచి పడ్డ రాళ్లూ మట్టీ పైనంతా కప్పేశాయి. విరిగిన చోట మాత్రం లేత నీలం. మందపాటి ఐసు ఎరుపు వెలుగుని మింగేస్తుంది మరి. కింద గుహలాంటి నోట్లోంచి భాగీరథి వస్తోంది. దోసిట్లోకి తీసుకుంటే మడ్డినీళ్లు! ఐసు కదులుతూ రాతిని అరగదీసిన పొడి అది.

ఇలా లోయ పట్టుకుని దిగేవి కొన్ని. కొండ గుంటలో గిన్నెలో పెరుగులా కూర్చునేవి, నిట్టనిలువు వాలుకి వేలాడేవి ఇంకొన్ని. ఐస్‌లాండ్‌లో వత్నాయోకుల్ అయితే కొండల్నే కప్పేసిన మంచు టోపీ. 50,000 చదరపు కిలోమీటర్లు దాటితే మంచు ఫలకం అంటారు. అలాంటివి ఇప్పుడు రెండే: గ్రీన్‌లాండ్, అంటార్కిటికా. అంటార్కిటికాలో కొన్నిచోట్ల మందం 4 కిలోమీటర్ల పైమాటే. అట్టుపిండి పోస్తే దానంతటదే నాలుగువైపులా జరిగినట్టు ఆ ఐసు అంచులకి జరుగుతుంది. సముద్రం మీదికి వచ్చి తేలే భాగం ఐస్ షెల్ఫ్. దాన్నుంచో, సముద్రందాకా దిగిన గ్లేసియర్ నుంచో విరిగిపడి తేలే పెద్ద ముక్క ఐస్‌బర్గ్.

ఒక పని చేయండి. గ్లాసులో ఐసుముక్క వేసి, అంచుదాకా నీళ్లు పోయండి. ఐసు కరిగాక నీళ్లు పొర్లాయా లేదా? నాకు రాయండి. నేలమీది ఐసు కరిగితే ఏమవుతుందో అప్పుడు చెబుతా.

మీ తాతయ్య